కండువాకు బదులు నీడ

బోధన్ పాత బస్టాండు దగ్గర నూరుల్లా కళ్లద్దాల దుకాణం తెరిచే తీరు ఒకటుండేది. ముందు షట్టరు సగమే ఎత్తేవాడు. లోపలికి వంగి, "లే కోటేశా, తెల్లారింది" అనేవాడు. ఆ తర్వాతే మిగతా సగం. ఎండ ఒక్కసారిగా మీద పడితే గోడ మీది నీడ బెదురుతుందని ఆయన భయం. నీడ లేచి, ఒళ్లు విరుచుకుని, చత్వారం అద్దాల బీరువా పక్కన తన చోటులో కూర్చునేది.

నూరుల్లాకు డెబ్బై దాటి చాలా ఏళ్లయింది. నీడకు మాత్రం ఇంకా మీసకట్టు రాలేదు. కళ్లజోడు కోసం వచ్చినవాళ్లు నూరుల్లాకు సలాం చేసి, గోడకేసి "బాగున్నరా సార్?" అని ఓ మాట అనేవాళ్లు. సంచీ నీడ మీద పెట్టకుండా పక్కకు జరుపుకునేవాళ్లు. అంతే. ఊళ్లో ఎవరికీ అదొక వింత కాదు.

సార్ అంటే ఆచార్య రామకోటేశ్వరరావు. భౌతికశాస్త్రం కాస్త చదివినవాళ్లకైనా ఆ పేరు తెలుసు. చక్కెర రసంలోంచి పోయే వెలుగు ఒక పక్కకు తిరుగుతుంది. రసం పులిస్తే రెండో పక్కకు తిరుగుతుంది. ఇది పాత సంగతే. అయితే పక్క మారే ముందు వెలుగు ఒక్క క్షణం తడబడుతుంది. దాన్నే రావు ప్రభావం అంటారు. ఈనాడు మందుల తయారీలోనూ, ఫోను తెరల్లోనూ ఆ తడబాటే పనిచేస్తోందట. దేశదేశాల పిల్లలు పరీక్షల్లో దాని గురించి రాస్తారు.

ఆ తడబాటును మొదట చూసిన కళ్లు నూరుల్లావి.

ఇక్కడ చెరకు బండ్ల సంగతి చెప్పాలి, లేకపోతే కథ అర్థం కాదు. చక్కెర ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో గేటు ముందు బండ్లు కోసు దూరం వరుస కట్టేవి. రైతు ఎంతసేపని నిలబడతాడు? కాడి మీద కండువా వేసి చాయ్‌కి పోయేవాడు, చెట్టు కింద ఒరిగేవాడు. వెనకవాడు తన బండితోపాటు ఆ బండినీ ముందుకు జరపాలి. కండువా ఉన్న బండిని దాటిపోవడం పెద్ద తప్పు. కానీ గేటు దాకా వచ్చినా కండువా వేసినవాడు రాకపోతే, ఆ వంతు అంతదాకా జరిపినవాడిదే. ఆలస్యంగా వచ్చినవాడు నోరెత్తకుండా వెనక్కి పోయి, జరిపినవాడి బండిని నెట్టాలి. ఇప్పుడు ఆ గేటు మూసే ఉంది గానీ, పాతవాళ్లు పెళ్లి బంతిలోనూ ఆ లెక్కే పాటిస్తారు.

కోటేశ్వరరావు వాళ్లది ఎడపల్లి. కృష్ణా జిల్లా నుంచి వచ్చి, కాలువ కింద పొలాలు కొన్న కుటుంబం. నూరుల్లా వాళ్ల నాన్న చెరకు బండి తోలేవాడు. ఇద్దరూ ఒకే బడి, ఒకే బెంచీ. ఫ్యాక్టరీలో రసం తీపి పరీక్షించి పారేసిన రెండు అద్దాలు దొరికితే, లాంతరు ముందు రసం గ్లాసు పెట్టి ఆడుకున్నారు. "కోటేశా, వెలుగు తిరిగేముందు జర ఆగింది, చూసినవా?" అన్నాడు నూరుల్లా. మూడు గ్లాసులు పులిశాక గానీ కోటేశు కంటికి ఆనలేదు.

హైదరాబాదులో పెద్ద కాలేజీ. ఎవరి అద్దాలతో వాళ్లు ఆ ప్రయోగం చేసి చూపిస్తే సీటు. అద్దాలు ఒక్క జతే.

"ఒరేయ్ నూరూ, ముందు నేను వెళ్తాను. పై ఏడాది అద్దాలు తీసుకొచ్చి నిన్ను నేనే తీసుకెళ్తా" అన్నాడు కోటేశు. భుజాన కండువా లేదు. అందుకని తన నీడ తీసి నూరుల్లా భుజం మీద వేసి బస్సెక్కాడు.

కండువా వేసినవాడు వస్తాడు. నూరుల్లా అదే నమ్మాడు.

కోటేశు ఎడపల్లికి రెండు పెళ్లిళ్లకు వచ్చాడు, తల్లి చావుకు వచ్చాడు. అక్కణ్నుంచి బోధన్‌కు ఆటోలో కాసేపటి దారి. రాలేదు. బహుమతులు అందుకున్న ఫోటోల్లో ఆయన కాళ్ల కింద నీడ ఉండేది కాదు. దీపాలు బాగా అమర్చారనుకున్నారు విదేశాలవాళ్లు. అన్నిటికంటే పెద్ద బహుమతి వచ్చిన రోజు దుకాణంలో టీవీ నడుస్తోంది. "మా పల్లెలో నేను ఒంటరిని. ఒక లాంతరు, ఒక గ్లాసు చెరకు రసం, నేను. అంతే" అన్నాడాయన. నూరుల్లా చేతిలోని అద్దం కింద పడింది. నీడ గోడ వైపు తిరిగి చాలా రోజులు మొహం చూపలేదు.

కోటేశ్వరరావు పోయిన మరుసటేడు ఆయన అన్న కొడుకు దిలీప్ దుకాణానికి వచ్చాడు.

"చాచా, నిజామాబాద్‌లో బాబాయి పేరు మీద సైన్సు భవనం కట్టామండి. విగ్రహం కూడా వచ్చింది. ఒక్కటే చిక్కు."

"ముక్కు కుదరలేదా?"

"ముక్కు బానే ఉంది. నీడే పడటం లేదు. తల మీద వాలిన కాకి నీడ పడుతోంది, బాబాయిది పడటం లేదు."

"ఎట్ల పడ్తది? అది నా కాడ ఉంది గద."

దిలీప్ స్టూలు దగ్గరికి లాక్కున్నాడు. "మీకు వేదిక మీద కుర్చీ వేయిస్తాను. రాయి మీద మీ పేరు చెక్కిస్తాను. ఆ తడబాటును మీరిద్దరూ కలిసి చూశారని మైకులో నేనే చెబుతాను. సరేనా?"

ఇద్దరూ కలిసి. ఆ మాట నలుగురిలో ఒక్కసారి వినబడితే చాలు నూరుల్లాకు. ఆయన అడగాలనుకున్నదీ అదే, అడగలేకపోయిందీ అదే.

కూతురు మాసూమా లోపల్నుంచి వచ్చింది. "ఒక్క గుంతల ఎన్నిసార్లు పడ్తవ్ అబ్బా?"

"గీసారి రాయి మీద రాస్తరంట బేటీ."

విగ్రహం ఆవిష్కరణకు నీడను మడిచి భుజాన వేసుకుని నిజామాబాద్ బస్సెక్కాడు. "నీడకు టికెట్ లేదు చాచా, కిటికి దిక్కు కూసోవెట్టు" అన్నాడు కండక్టరు. మార్కెట్ యార్డు దగ్గర పసుపు వాసనకు నీడ తుమ్మింది.

పొద్దున్నే విగ్రహం కాళ్ల దగ్గర నీడను పరిచాడు. చక్కగా అతుక్కుంది. దిలీప్ చేతులు పట్టుకుని ఊపేశాడు. అతిథులు రావడం మొదలయ్యాక మాత్రం దిలీప్ కనబడలేదు. వేదిక మీద కుర్చీలు నిండాయి. బ్యాడ్జీ పెట్టుకున్న ఒకతను "పెద్దాయనా, జర గేటు కాడ కూసో" అన్నాడు. పోతూ పోతూ నూరుల్లా రాయి చదివాడు. మంత్రుల పేర్లున్నాయి, కాంట్రాక్టరు పేరుంది. దిలీప్ ఎదురుపడితే ఆపాడు.

"స్థలం చాలలేదు చాచా."

"మీ బాబాయి పేరుకు ఎనిమిది అచ్చరాలు. జాగ దొర్కింది. నా మూడింటికి దొర్కలేదా?"

దిలీప్ ఫోను చెవికి పెట్టుకుని వెళ్లిపోయాడు.

నూరుల్లా గేటు దగ్గర కూర్చున్నాడు. మైకులో ఒక పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు. "ఒక పల్లెలో, ఒంటరిగా, ఒక లాంతరు వెలుగులో..."

పొద్దుటి ఎండలో నీడలన్నీ పడమరకు పడి ఉన్నాయి. విగ్రహం నీడ ఒక్క క్షణం తడబడింది. తర్వాత ఎడమ వైపుగా తిరిగి తిరిగి, తూర్పున గేటు వైపుకు చాచుకుంది. ముందు వరుసలో ఒక లెక్చరరు "రావు ప్రభావం" అని పక్కవాడికి చెప్పాడు. నీడ విగ్రహం కాళ్ల నుంచి ఊడి, కుర్చీల మధ్యగా నడిచింది. జనం దారిస్తూ కాళ్లు ముడుచుకున్నారు. ఉపన్యాసం ఆగలేదు.

నీడ నూరుల్లా ముందుకు రాలేదు. వెనక్కి పోయి నిలబడింది.

"ఇంక ఎందుకొచ్చినవ్?" అన్నాడు నూరుల్లా. "సచ్చినంక వస్తవా?"

నీడ ఆయన వీపు మీద రెండు అరచేతులూ ఆనించింది, బండి వెనక మనిషి ఆనించినట్టు. మెల్లగా నెట్టింది.

బస్టాండులో బోధన్ బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. నీడ అటు పోనివ్వలేదు. హైదరాబాద్ బస్సు దాకా నెట్టి ఆగింది. నూరుల్లా చాలాసేపు ఆ బోర్డు చూస్తూ నిలబడ్డాడు. మాసూమా ఫోను చేసింది.

"కుర్సీ ఇచ్చిన్రా అబ్బా?"

"ఇయ్యలే."

"పేరు?"

"లేదు."

"నేను చెప్పలేదా? ఇంటికి రా."

"హైదరాబాద్ పోతున్న బేటీ. గా కాలేజీకి. ల్యాబుల అద్దాలుంటయ్ గద. పోరగాండ్లకు సూపిస్త, మేమిద్దరం ఏం సూసినమో."

"ఇప్పుడా! ఈ వయసుల?"

"నా వంతు ఇప్పుడే వచ్చింది."

"బీపీ గోలీలు జేబుల ఉన్నయా?" అంది మాసూమా. "దుకాణం నేను తెరుస్త తీ."

కోటేశును మాఫ్ చేశాడా అంటే, చెయ్యలేదు. నూరుల్లా బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. నీడ వచ్చి పక్క సీటు ముందు తల వంచుకుని నిలబడింది. ఆయన తన భుజం మీది కండువా తీసి ఆ సీటు మీద పరిచాడు.

"జాగ లేదు కోటేశా. ఎనకకు పో."

నీడ మారు మాట్లాడకుండా పోయి, చివరి సీట్లో కూర్చుంది.