కచ్చాకుట్టు వేసిన ఇల్లు

ఆ ఆదివారం పొద్దున టైలరమ్మ తన కుటుంబాన్ని గోడల్లేని ఇంట్లోకి కాపురానికి తీసుకొచ్చింది.

మంచం వచ్చింది. గ్యాస్ పొయ్యి వచ్చింది. బట్టలు కత్తిరించే పెద్ద బల్ల వచ్చింది, దాని వెనకే కుట్టుమిషనూ వచ్చింది. అన్నీ ఒక తోపుడుబండి మీద, రెండు విడతలుగా. ఖాళీ స్థలంలో సున్నం పొడితో గదులు గీసి ఉన్నాయి. ఆ గీతల మధ్య వీళ్ళు సామాను సర్దుకుంటుంటే దారిన పోయేవాళ్ళు ఆగి మరీ చూశారు. చూస్తే చూడనీ. వాళ్ళేమన్నా ఇటుకలు కొనిస్తారా?

ఇది ఆవిడ పట్టుబట్టి చేయించిన పని. ఏ కోటు కుట్టినా ముందు పొడుగు పొడుగు కచ్చాకుట్లు వేసి, ఒంటికి తొడిగి, బిగుతూ వదులూ చూసుకున్నాకే దాన్ని మిషను కింద పెడుతుంది. “రెండేళ్ళు తొడిగి పారేసే చొక్కాకి ట్రయల్ చూస్తామండీ. చచ్చేదాకా ఉండే ఇంటికి చూడక్కర్లేదా?” అని వారం రోజులు మొగుడి బుర్ర తినేసింది. మొగుడు సిటీబస్సు కండక్టరు. రోజంతా జనంతో అరిచి అరిచి ఇంటికొచ్చాక అరిచే ఓపిక లేక, సరే అన్నాడు.

మర్నాడు పొద్దున మేస్త్రి మనుషులు గునపాలతో వస్తారు. పునాది తవ్వేదాకా గీత జరపడానికి పైసా ఖర్చు లేదు, కాలితో చెరిపి మళ్ళీ గీసుకోవచ్చు. కాంక్రీటు పడ్డాక అదే గీత జరపాలంటే ఒళ్ళు గుల్లవుతుంది. ఇల్లు కట్టుకునే ప్రతి మనిషికీ ఈ సంగతి తెలుసు. తెలిసీ, గోడలు లేచాక వాటి మధ్య నిలబడి “ఇక్కడ తలుపుంటే బాగుండేది” అంటారు. అప్పుడు ఏడ్చి ఏం లాభం?

ఆవిడకి కావలసింది ఒకే ఒక్క గది. ఇన్నాళ్ళూ అద్దింట్లో మెట్ల కింద కుట్టింది. పై వాటావాళ్ళు సైకిలు దింపితే మిషను జరపాలి, ఎక్కిస్తే మళ్ళీ జరపాలి. బల్ల వేసుకునే చోటు లేక దాన్ని గోడకి నిలబెట్టి, బట్టని నేల మీద పరిచి, మోకాళ్ళ మీద పాకుతూ కత్తిరించింది. ఈ స్థలం కొన్న డబ్బులో సగానికి పైగా ఆ మెట్ల కింద నుంచి వచ్చిందే. అందుకే కొత్తింట్లో కుడి చివర, వీధి వైపు, కుట్టుగది గీసుకుంది. మధ్యలో బల్ల, దాని చుట్టూ తిరిగే చోటు, కిటికీ కింద మిషను, వీధిలోంచే వచ్చే తలుపు. ఆ గది తలుచుకుంటే చాలు ఆవిడ కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

పర్మిషను కోసం ప్లాను గీసిచ్చినాయన బయటి చట్రం మాత్రం చెప్పాడు. స్థలం అంచుల నుంచి ఇంత వదలాలి, మిగిలిన దాంట్లో కట్టుకోండి అన్నాడు. వీళ్ళ డబ్బు కూడా సరిగ్గా ఆ చట్రం దగ్గరే ఆగిపోతుంది. లోపలి గదులు ఆవిడ తన టేపుతోనే కొలిచి గీసింది. వీధి వైపు వరసగా మూడు గదులు: ఎడమ పక్క హాలు, మధ్యలో అత్తగారి పడగ్గది, కుడి పక్క కుట్టుగది. వాటి వెనక వంటిల్లు, మరో పడగ్గది, స్నానాల గది.

హాలు మాత్రం ఆవిడ కొలత కాదు. అది బావగారి కొలత. కండక్టరు అన్నగారు సోఫాల షాపులో సేల్స్‌మాన్. గృహప్రవేశానికి సోఫా సెట్టు ఇస్తానని మాటిచ్చాడు. మూడు సీట్లది ఒకటి, సింగిళ్ళు రెండు, టీపాయి. ఆ సెట్టు పట్టేలా హాలు గీశారు. ఊరికే వచ్చే సోఫా కోసం గదిని పెంచుకున్న మొదటివాళ్ళు వీళ్ళేం కాదు.

తొమ్మిదింటికల్లా బావగారు ఇస్త్రీ చొక్కాతో దిగబడ్డాడు. తిన్నగా హాలు దాటి, అమ్మ గదిలోంచి వంటింట్లోకి నడిచొచ్చేశాడు.

“గోడల్లోంచి వస్తావేంట్రా పెద్దోడా, దయ్యంలాగ!” అని అరిచింది అత్తగారు పొయ్యి దగ్గర్నుంచి. “తలుపు తగలడింది కదా అక్కడ!”

“కనబడలేదే అమ్మా.”

“గోడ కనబడలేదు సరే. అడ్డంగా గీసిన గీత కూడా కనబడలేదా?”

ఆయన నాలిక్కరుచుకుని, వెనక్కి వెళ్ళి, లేని తలుపు తీసుకుని మళ్ళీ లోపలికొచ్చాడు. కండక్టరు పడీపడీ నవ్వాడు.

అక్కణ్ణుంచి మొదలైంది అసలు సందడి. అత్తగారు టీ పెట్టి, గిన్నెలు కడిగి, చేతులు తుడుచుకుంటూ స్నానాల గది దాకా నడిచింది. వంటింటికి అది ఇంటి ఆ చివర ఉంది.

“అమ్మాయ్, దీన్ని ఇంత దూరంలో ఎందుకు పెట్టావే?”

“కనబడకుండా ఉంటుందని అత్తయ్యా.”

“కనబడకపోతే నీళ్ళు వాటంతటవే నడిచెళతాయా? ఇంత పొడుగు పైపు ఎవరు కొంటారు? వంటింటి గోడ వెనకే పెట్టు. ఒకే గోడకి ఇటు గిన్నెలు, అటు బకెట్లు. రేపు లీకైనా ఒకచోటే వెతుక్కుంటాం.”

టైలరమ్మ ఎగిరి గంతేసినంత పని చేసింది. కాలితో గీత చెరిపి, రెండు గదులు అటూ ఇటూ మార్చి, మళ్ళీ సున్నం పోసింది. రెండు నిమిషాల పని. మిగిలిన పైపుల డబ్బు తలుచుకుని అత్తాకోడళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వుకున్నారు.

మంచం అడ్డంగా వేస్తే గోడలో పెట్టించబోయే అలమర తలుపు తెరుచుకోదని తేలింది. నిలువుగా తిప్పారు. వంటింటి తలుపు లోపలికి తెరుచుకుంటే పొయ్యికి తగులుతుందని తేలింది. బయటికి తిప్పారు. తప్పులు దొరికినకొద్దీ వాళ్ళకి హుషారు పెరిగిపోతోంది. దొరికిన తప్పల్లా మిగిలిన డబ్బే కదా!

బావగారికీ ఊపొచ్చింది. “అమ్మాయ్, ముందు మూల గుండ్రంగా తిప్పించు. దర్జాగా ఉంటుంది.”

“బావగారూ, గుండ్రం కాలరుకి నేనే డబుల్ కూలి తీసుకుంటా. మేస్త్రి ఊరుకుంటాడా? తిన్నటి గోడలు చాలు మనకి.”

మధ్యాహ్నం తిండి కూడా అక్కడే. తిన్నాక ఆవిడ తన గదిలో మిషను ముందు కూర్చుంది. సోమవారం ఇవ్వాల్సిన స్కూలు యూనిఫాంలు ఉన్నాయి మరి. ఇంటి ట్రయల్ అంటే ఇంట్లో చేసే పనంతా చెయ్యాలి. కత్తిరించేటప్పుడు బల్ల చుట్టూ తిరిగింది. ఇటు ఒక చుట్టు, అటు ఒక చుట్టు. ఎక్కడా నడుం తగల్లేదు. ఆ సంతోషంలో పాకెట్లు తలకిందులుగా కుట్టేసి మళ్ళీ విప్పుకుంది.

మేస్త్రి మూడింటికి వచ్చాడు, కొలతలు ఆఖరిసారి చూసుకుని పోదామని. తాడు పట్టుకుని ముందు గీత దగ్గర కూర్చుని తల గోక్కున్నాడు.

“అమ్మా, గోడ ఈ గీతకి ఏ పక్క?”

“ఏ పక్కేంటి? గీతే గోడ.”

“గీత గోడేంటమ్మా, గీత గీత.” పక్కనే దింపిన ఇటుకల కుప్పలోంచి నాలుగు తెచ్చి గీత వెంట పేర్చాడు. ఇటుకలు గీత దాటి లోపలికొచ్చి బైఠాయించాయి.

టైలరమ్మ మెడలోని టేపు తీసి ఇటుక మందం కొలిచింది.

ముప్ఫయ్యేళ్ళుగా ఒక్క చొక్కాకీ కుట్టుకి బట్ట వదలడం మరిచిపోని మనిషి, ఇంటికి గోడ వదలడం మరిచిపోయింది. బట్టకి మందం ఉండదు. రెండు ముక్కల మధ్య గీత గీస్తే అది గీతే. ఆ అలవాటే ఇక్కడా పనిచేసింది. గదుల కొలతలన్నీ కలిపి చట్రం నిండా గీసేసింది. గోడలు ఎక్కడ నిలబడాలో ఆలోచించలేదు.

మేస్త్రి ఎడమ వైపు నుంచి పేర్చుకుంటూ వచ్చాడు. బయటి గోడ, తర్వాత హాలు పూర్తి కొలత, మధ్యలో నాలుగున్నర అంగుళాల సగం ఇటుక గోడ, తర్వాత అత్తగారి గది, మళ్ళీ గోడ. బయటి గోడలు తొమ్మిదేసి అంగుళాలు, పైన పూత. అన్నీ కలిసి రెండున్నర అడుగుల పైమాటే. ఆ రెండున్నర అడుగులూ కుడి చివర గది మీద పడ్డాయి.

ఆవిడ లేచి బల్ల చుట్టూ తిరగబోయింది. ఇటు పక్క ఇటుకల వరస కాలికి కొట్టుకుంది. బల్ల అటు జరిపింది. అటు పక్క మిషను అడ్డొచ్చింది.

“బయటికి జరుపుదాం,” అన్నాడు బావగారు.

“పర్మిషన్లో లేదండీ,” అన్నాడు మేస్త్రి. “ఉన్నా పునాది పెరుగుద్ది, స్లాబు పెరుగుద్ది, ఇనుము పెరుగుద్ది. ఇస్తారా మరి?”

బావగారు గొంతు సవరించుకున్నాడు. “పోనీలే అమ్మాయ్. ఆ చిన్న గది సామాన్లకి వాడుకోండి. మిషను హాల్లో ఓ మూల పెట్టుకో, పరదా వేద్దాం. ఎవరన్నా వస్తే మడిచేస్తే సరి.”

“మడిచెయ్యాలా?” ఆవిడ గొంతు పైకి లేచింది. “ఇన్నేళ్ళూ సైకిలొస్తే జరిగాను. ఇప్పుడు నా సొంతింట్లో చుట్టాలొస్తే మడుచుకోవాలా? దానికి ఇల్లెందుకు బావగారూ, ఆ మెట్లే చాలవా?”

ఆవిడ మొగుడి వైపు చూసింది. అన్నయ్య ముందు నోరు విప్పని మనిషి ఆయన. మేస్త్రి తాడు చుట్టేస్తున్నాడు. ఈ సాయంత్రం ఇలాగే గడిచిపోతే రేపు గునపం పడుతుంది, ఆవిడ గది పోతుంది.

కండక్టరు తల వంచుకుని నేల వైపే చూస్తున్నాడు. చూసి చూసి అన్నాడు, “అన్నయ్యా, ఒకసారి ఇలా రా. ఈ హాలు చూడు.”

“ఏముంది చూడ్డానికి?”

“ఏమీ లేదనే చూడమంటున్నా. వంటింట్లో గీతలు తొక్కీ తొక్కీ చెరిగిపోయాయి. అమ్మ గదిలో మంచం చుట్టూ మట్టి లేచిపోయింది. ఇక్కడ? సున్నం పోసినట్టే ఉంది. పొద్దున్నుంచి ఒక్కరు కూర్చున్నారా ఇక్కడ?”

అందరూ చూశారు. హాలు గీతలు తెల్లగా మెరిసిపోతున్నాయి. మధ్యలో పొద్దున బావగారు నడిచొచ్చిన అడుగులు తప్ప ఇంకేం లేవు.

“బస్సులో కూడా ఇంతే,” అన్నాడు కండక్టరు. గొంతులో డ్యూటీ ఊపు వచ్చేసింది. “మధ్యంతా ఖాళీ, జనమంతా తలుపు దగ్గర వేలాడతారు. లోపలికి జరగండి బాబూ అని నేను గొంతు చించుకుంటా. కానీ అక్కడ బస్సు నాది కాదు. ఇక్కడ ఇల్లు నాది. ఎవరూ ఎక్కని చోట సీటు ఎందుకు? హాలే కొయ్యాలి.”

“మరి సోఫా ఎక్కడ పెడతార్రా?”

“మీరు సోఫా ఊరికే ఇస్తారు బావగారూ,” అంది టైలరమ్మ. “దాని కింద పునాది ఊరికే వస్తుందా? దాని మీద స్లాబు? ఆ లెక్కేస్తే మీ సోఫా మాకు నాలుగు సోఫాల ఖరీదు పడుతుంది.”

“ఇంటికి నలుగురొస్తే ఎక్కడ కూర్చుంటారమ్మా!”

“ఇప్పుడు మీరెక్కడ కూర్చున్నారు?”

బావగారు కిందికి చూసుకున్నాడు. భోజనాలయిన దగ్గర్నుంచి ఆయన టైలరమ్మ గదిలోనే ఉన్నాడు. ఆవిడ స్టూలు లాక్కుని, బల్ల మీద మోచేతులాన్చి, టీ గ్లాసు పక్కన పెట్టుకుని, పాకెట్లు తిరగబడ్డాయని ఆవిణ్ణి ఆటపట్టించింది కూడా ఆయనే.

అత్తగారు పకపకా నవ్వింది. “కొయ్యవయ్యా మేస్త్రీ, హాలు కొయ్యి! సోఫాల మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చోడం నాకసలే పడదు.”

మేస్త్రి మళ్ళీ తాడు విప్పాడు. ఒక కొన తను పట్టుకున్నాడు, రెండో కొన టైలరమ్మ పట్టుకుంది. కండక్టరు మధ్యలో నిలబడి చెయ్యి ఊపాడు. “రానీ... రానీ... ఇంకొంచెం రానీ... అమ్మ మంచం దాటొద్దు... హోల్డాన్!”

ఈసారి ఆవిడ ఒక్క గీత గియ్యలేదు. ప్రతి గోడకీ రెండు గీతలు గీసింది, మధ్యలో ఇటుక పెట్టి చూసి మరీ. హాలు చిన్నదైంది. నాలుగు కుర్చీలు పట్టే గది, అంతే. కుట్టుగది దాని కొలతకి అది వచ్చింది. ఆవిడ బల్ల చుట్టూ గబగబా తిరిగింది, తర్వాత పరిగెత్తింది, తర్వాత చీర కుచ్చిళ్ళు పట్టుకుని వెనక్కి నడుస్తూ తిరిగింది. ఎక్కడా తగల్లేదు.

“ఇంకేమన్నా మార్పులుంటే ఇప్పుడే చెప్పండి,” అన్నాడు మేస్త్రి. “రేపట్నుంచి మార్చాలంటే మాటలతో అవదు.”

బావగారు అలకతో కాసేపు ఇటుకల కుప్ప మీద కూర్చున్నాడు. తర్వాత లేచొచ్చి, “ఈ గదికి కిటికీ ఎంత పెట్టిస్తున్నారు?” అన్నాడు.

“రెండడుగులండీ.”

“రెండడుగులేంటి, జైలుకా? కుట్టుపని చేసే మనిషికి వెలుతురు వద్దూ? ఆరడుగులు పెట్టు. సోఫా డబ్బు దీనికిస్తా.” మరదలి వైపు తిరిగాడు. “దర్జా హాల్లోనే ఉండాలని ఎక్కడుంది?”

“ఆరడుగులా!” టైలరమ్మ నోరు వెళ్ళబెట్టింది. వెంటనే తేరుకుంది. “పైన లింటెల్ ఎంత మందం వెయ్యాలి మేస్త్రిగారూ? గోడ ఇటుకలు ఎన్ని మిగులుతాయి? ఆ మిగిలినవి లెక్కలో తగ్గిస్తారుగా?”

మేస్త్రి మళ్ళీ తల గోక్కున్నాడు.

ఇంతలో వీధిలోంచి ఎవరో పెద్దాయన చేతిలో ప్యాంటుతో వచ్చి గీత అవతల ఆగాడు. ఖాళీ స్థలాన్ని, మిషన్ని, మనుషుల్ని మార్చి మార్చి చూశాడు.

“ఇక్కడ కుడతారామ్మా? గోడలు కూడా లేవు కదా.”

“మీకు ప్యాంటు కావాలా, గోడలు కావాలా?” అంది టైలరమ్మ మెడలో టేపు సర్దుకుంటూ. “లోపలికి రండి. ఎంత పొట్టి చెయ్యాలి?”