కేసుల్లేని మనిషి తుపాకి

తన మీద ఒక్క పోలీసు కేసూ లేకపోవడం కూడా ఒక ఆస్తేనని, దాని మీద కన్నేసినవాళ్ళు సొంతవాళ్ళలోనే ఉంటారని, నరసరావుపేటలో తుపాకుల కొట్టు మెట్లెక్కేదాకా రామబ్రహ్మానికి తెలియలేదు.

కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. భార్య అనసూయ పోయాక, మాచర్ల అవతల కొండవార ఆమెకు పుట్టింటివాళ్ళిచ్చిన పొలమే ఆయనకు లోకం. దాన్ని కౌలుకు చేసేది మౌలాలీ. ఆ ఏడు మొక్కజొన్న వేశాడు. కంకి పాలు పోసుకునే వేళకు కొండ మీది నుంచి అడవిపందులు దిగుతాయి. గుంపు ఒక్కసారి పడిందంటే తెల్లారేసరికి చేను చేను కాదు. చుట్టుపక్కల రైతులంతా చేల చుట్టూ కరెంటు తీగ లాగారు. కిందటేడు ఆ తీగకే గొర్రెలు కాసుకునే మనిషి ఒకడు పోయాడు. పెద్దలు కూర్చుని, అటూ ఇటూ మాట్లాడి, దాన్ని పాముకాటుగా తేల్చేశారు. ఆ పూట రామబ్రహ్మానికి అన్నం సయించలేదు. పాముకాటని ఒప్పుకున్నవాళ్ళంతా మర్నాడు మామూలుగానే టీకొట్టు దగ్గర పలకరిస్తుంటే, తిరిగి పలకరించడానికి నోరు రాలేదు.

ఈసారి మౌలాలీ గుడిసెలో కూడా కొత్త తీగచుట్ట కనబడింది.

"నువ్వూనా మౌలాలీ?"

"ఏం జెయ్యమంటారు సారూ? డబ్బాలు కొట్టినాం. చేను చుట్టూ చీరలు కట్టినాం. పందులు ఆ చీరల కిందే పొర్లుతన్నయ్. మంచి మంచి చీరలు, మున్నీయి."

"మంచి చీరలు ఎప్పుడు కొనిపెట్టావులే," అంది అతని భార్య మున్నీ లోపలి నుంచి.

"తుపాకి తెస్తాను. వట్టి చప్పుడు చాలు, పందులు పారిపోతాయి. నేను వచ్చేదాకా తీగ మాత్రం లాగొద్దు."

"కంకి పాలు పోసుకునేలోపు రావాల సారూ. ఆ తర్వాత నన్నేమీ అనమాకండి."

పంట కాపలాకని తుపాకి లైసెన్సుకు పెట్టుకున్న దరఖాస్తు ఏ బల్ల మీదా కదల్లేదు. అప్పుడు వచ్చాడు పుల్లారావు, అనసూయ తమ్ముడు, ఊళ్ళో ఒక వర్గానికి పెద్ద. అక్క పోయాక బావ గడప తొక్కని మనిషి తనంతట తానే వచ్చి, "ఆఫీసుల చుట్టూ నువ్వు తిరగమాక బావా, నే చూసుకుంటా" అన్నాడు. చూసుకున్నాడు కూడా. విచారణకొచ్చిన పోలీసులు నిలబడి నమస్కారం పెట్టారు. "మీలాంటి మచ్చలేని మనిషికి ఇవ్వక ఎవరికిస్తాం సార్" అన్నారు ఆఫీసులో. లోకంలో ఇంకా ఇంత మంచి ఉందా అని రామబ్రహ్మం కళ్ళు చెమర్చాయి. ఎవరు ఏ కాస్త దయ చూపినా దాన్ని జాగ్రత్తగా దాచుకునే మనిషి మరి.

లైసెన్సు చేతికొచ్చిన మర్నాడే పుల్లారావు కారు వాకిట్లో ఆగింది.

కొట్టు నడిపేది అలివేలమ్మ. మొగుడు పోయాక అమ్మేస్తుందనుకున్న కొట్టును ఆమె తుడిచి తళతళలాడిస్తూ నడుపుతోంది. రామబ్రహ్మాన్ని చూడగానే ఫ్యాను కింద స్టూలు వేసింది. "కూసోండి మాస్టారూ. ఏది చూపియ్యమంటారు?"

"మందు తుపాకి అమ్మా. ఒంటి గొట్టంది."

గొట్టం మూతిలోంచి మందు పోసి, కొబ్బరి పీచు కుక్కి, ఇనుప కడ్డీతో దట్టించి, వెనక క్యాపు పెట్టి పేల్చే పాతకాలపు రకం అది. గుండ్లు వెయ్యకుండా వట్టి మందుతో పేల్చినా కొండ దద్దరిల్లుతుంది, ఏ ప్రాణమూ పోదు. రామబ్రహ్మానికి కావలసింది అదే.

ఆమె మూడు తుపాకులు తెచ్చి పరిచింది. రెండు ఒంటి గొట్టాలవి, ఒకటి జంట గొట్టాలది. ఒక్కోదానిలో కడ్డీ వదిలి, లోపల మందు లేదని ముందుగా చూపించింది. ఒకదాంట్లో కడ్డీ అడుగున మెత్తగా ఆగింది. లోపల మసి పేరుకుందన్నమాట. రామబ్రహ్మం దాన్ని పక్కన పెట్టేశాడు. రెండోదాంట్లో ఖంగుమంది. చెక్క మీద వేలితో తడిమి పగుళ్ళు వెతికాడు. క్యాపును కొట్టే గుర్రాన్ని సగం ఎత్తి, అక్కడే నిలబడుతోందో లేదో చూశాడు. నిలబడింది.

ఈలోగా పుల్లారావు జంట గొట్టాలది తీసుకుని భుజానికెత్తి, అద్దాల బీరువా ముందు నిలబడ్డాడు. అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. పెళ్ళికొడుకు షేర్వాణీ చూసుకున్నట్టు ఉంది ఆ వాలకం.

"ఇది సరిపోయింది."

"ఎవరికి అన్నా?" అంది అలివేలమ్మ.

"ఎవరికేంది, నాకే."

"లైసెన్సు మాస్టారి పేరున గదా ఉంది. ఆయన చేతికి సరిపోవాల."

పుల్లారావు నవ్వాడు. "పేరు బావది, తుపాకి మనది. మా ఇళ్ళల్లో కేసు లేనోడు ఎవడున్నాడు గనక? నామీద ఉన్నయ్, మా అన్నమీద ఉన్నయ్, నిన్నగాక మొన్న మీసాలొచ్చిన మావాడి మీద గూడా ఉంది. మాకెవడిస్తాడు లైసెన్సు? పాఠాలు చెప్పుకుంటా ఈ బావ ఒక్కడే శుభ్రంగా మిగిలాడు."

రామబ్రహ్మం చేతిలోని తుపాకి బల్ల మీద పెట్టాడు.

"దేనికి పుల్లారావూ నీకు?"

"శివరాత్రికి కోటప్పకొండకు మన ప్రభ కదిలిద్ది గదా, తాటిచెట్టంత ఎత్తు కట్టి, ఊరేగింపుగా. అవతలోళ్ళ వాకిట్లోకి పోంగానే రెండు పేల్చాల. ఒకటి పేల్చి ఆగితే నవ్వుతారు. అందుకే జంట గొట్టాలు."

"మరి నా చేను?"

"పండగయినాక తీసుకుపో. నే వద్దన్నానా? కావాలంటే పందులకు గూడా పండగ దాకా ఆగమని చెప్పు."

రామబ్రహ్మానికి ఒళ్ళంతా వేడెక్కింది. ఆ నమస్కారాలు, మీలాంటి మనిషికి ఇవ్వక ఎవరికిస్తామన్న మాటలు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. అన్నీ దయలనుకుని దాచుకున్నాడు. తుపాకి ఎవరింటికి చేరుతుందో వాళ్ళందరికీ తెలుసు. తెలిసే నిలబడి దణ్ణం పెట్టారు. మనిషి తీగకు పడి చస్తే పాముకాటని రాసుకునే ఊరు, ఒకడు తప్పు చెయ్యకుండా బతికితే ఆ బతుకును కూడా అరువు తీసుకుని ఊరేగాలనుకుంటోంది!

"దాన్ని కింద పెట్టు," అన్నాడు.

"ఏంది బావా?"

"కింద పెట్టమన్నాను. ముప్పై ఏళ్ళు పిల్లల ముందు నిలబడి సంపాదించుకున్న పేరు నాది. నువ్వు పేల్చుకోడానికి కాదు. లైసెన్సు మీద ఎవరి పేరుందో ఆ చెయ్యే దీన్ని ముట్టుకుంటుంది. నీ చెయ్యే కాదు, ఇంకే చెయ్యీ ముట్టదు."

"నేను లేకపోతే ఆ లైసెన్సు వచ్చేదా?"

"వచ్చేది కాదు. న్యాయంగా అడిగిన రైతుకు రాకుండా నువ్వడిగితే వచ్చిందే, అదే నాకు సిగ్గుగా ఉంది."

"మా అక్క బతికుంటే నన్నింత మాట అననిచ్చేదా?"

"మీ అక్క బతికుంటే ఈపాటికి నీ నడ్డి మీద రెండు పడేవి. జంట గొట్టాల కంటే గట్టిగా."

అలివేలమ్మ నవ్వు ఆపుకోడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రామబ్రహ్మం ఖంగుమన్న ఒంటి గొట్టపు తుపాకిని ఆమె ముందుకు జరిపాడు. "ఇదివ్వమ్మా."

"పోనీ లేవయ్యా," అందామె పుల్లారావుతో. "ఇది ఒకసారి పేల్చి మళ్ళీ దట్టించేలోపు మీ ప్రభ ఊరు దాటిద్ది. నీకు పనికొచ్చేది కాదులే."

పుల్లారావు జంట గొట్టాలది బల్ల మీద పడేసి బయటికి నడిచాడు. కారు తలుపు వేసిన చప్పుడు కొట్లోకి వినిపించింది.

గుడ్డచుట్టిన తుపాకితో రామబ్రహ్మం మాచర్ల బస్సెక్కాడు. "ఏంది సారూ అది?" అని కండక్టరు అడిగితే, ఇంకా కోపం దిగని గొంతుతో "తుపాకి" అన్నాడు. బస్సు మొత్తం ఇటు తిరిగింది. కండక్టరు లైసెన్సు అడిగి చూసి, "ఎక్కనియ్యగూడదేమో గాని, పెద్దాయన నిలబడి ఉన్నాడు గదా" అని గొణుక్కుని, కిటికీ పక్క సీటు ఖాళీ చేయించాడు. ఈ ఒక్క దయ వెనక ఏ ప్రభా లేదని రామబ్రహ్మానికి నమ్మకం కలిగింది.

పోలీసు స్టేషన్లో తుపాకి చూపించి, సంతకం చేసి, పొలానికి చేరేసరికి పొద్దు వాలుతోంది. చేను చుట్టూ కొయ్యలు పాతి ఉన్నాయి. తీగ లాగేసి ఉంది. కరెంటు ఒక్కటే కలపాలి.

"కంకి పాలు పోసుకుంది సారూ," అన్నాడు మౌలాలీ తల దించుకుని.

రామబ్రహ్మం తుపాకికి చుట్టిన గుడ్డ విప్పాడు. మందు పోసి, పీచు కుక్కి, దట్టించి, ఆకాశం వైపు పేల్చాడు. కొండ ఉలిక్కిపడినట్టయింది. పిట్టలన్నీ ఒక్కసారిగా లేచాయి. గుడిసెలో గిన్నె కింద పడింది.

"నాయనో!" అంది మున్నీ.

మౌలాలీ ముఖం వెలిగిపోయింది. రెండు చేతులూ చాపాడు. "ఇటియ్యండి సారూ. రేత్రికి మంచె మీద నుంచి నే పేలుస్తా."

రామబ్రహ్మం ఇవ్వబోయాడు. మౌలాలీ చేతికిస్తే తప్పేముంది? ఆ మరుక్షణమే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కొట్లో అన్న మాట పుల్లారావుకొకటి, మౌలాలీకొకటి కాదు. పైగా పుల్లారావు ఎదురుచూసేది సరిగ్గా దీనికే. ఒక్క కబురు స్టేషనుకు చేరితే కేసు పడేది మౌలాలీ మీద.

"మంచె మీద ఇంకొకరికి చోటుందా?"

"మీరా? రోజూనా?"

"కంకి గట్టిపడేదాకా."

"ఈ వయసులో ఎక్కగలరా సారూ?"

"ఆ కోపం జూస్తే కొండైనా ఎక్కుతాడు," అంది మున్నీ. "ముందు ఇంత ముద్ద తిననియ్యి ఆయన్ని."

"తింటానమ్మా. ముందు ఆ తీగ పీకు మౌలాలీ."

"రేపు పీకుదాం లెండి. కరెంటు లేదు గదా."

"ఇప్పుడే."

మౌలాలీ నిట్టూర్చి మొదటి కొయ్య దగ్గర వంగాడు. రామబ్రహ్మం తుపాకి భుజాన వేసుకుని, గట్టు వెంట అతని పక్కనే నడిచాడు. మున్నీ అన్నం పెట్టి రెండుసార్లు పిలిచినా రాలేదు. ఆఖరి కొయ్య నుంచి తీగ ఊడి చుట్టలో కలిసేదాకా నిలబడి చూశాడు. తర్వాతే కాళ్ళు కడుక్కున్నాడు.