రోజూ దొరికే ఉద్యోగం

ఎనిమిదికి ఐదు నిమిషాలుండగా ఆమె పెరటి తలుపులోంచి బయటికొచ్చి, చెప్పులు తొడుక్కుని, పక్క సందులోంచి చుట్టూ తిరిగి వీధిలోకి వచ్చింది. చెదిరిన జుట్టు అరచేత్తో అదుముకుంది. ఎవరింటికో వచ్చినదానిలా గొంతు సవరించుకుని తన ఇంటి తలుపు తనే తట్టింది.

ఎదురింటి కరెంటు మేస్త్రీ సైకిలుకి నిచ్చెన కట్టుకుంటూ నవ్వాడు. "ఇవాళ తీసుకుంటారంటావా అక్కా?"

"నోరు మూసుకుని నీ పని చూసుకో. అసలే నాకు గుండె దడగా ఉంది."

వేళాకోళానికే అన్నా, దడ మాత్రం నిజం. లోపల గడియ తీసిన చప్పుడైంది. తలుపు తెరిచిన ముసలావిడ ఎనభై ఒకటో ఏట కూడా గీత గీసినట్టు నిటారుగా నిలబడి, వచ్చిన మనిషిని ఎగాదిగా చూసింది.

"పనికోసమా?"

"అవునండీ."

"లోపలికి రా. చెప్పులు బయటే."

ముసలావిడ ఆమె తల్లి. ముప్పై ఎనిమిదేళ్లు ఒక పెద్దాసుపత్రిలో బట్టలుతికే విభాగానికి ఇన్‌ఛార్జిగా చేసింది. నలభై మంది ఆడవాళ్లు ఆమె కనుసన్నల్లో పనిచేసేవారు. ఎవరిని పనిలోకి తీసుకోవాలన్నా ఆమెదే ఆఖరి మాట. మూడేళ్లుగా ఒక్కొక్కటే మరిచిపోతూ వచ్చింది. పొయ్యి ఆర్పడం మరిచింది, మొగుడు పోయిన సంగతి మరిచింది, చివరికి ఎదురుగా ఉన్న కూతుర్నే మరిచింది. ఉద్యోగాన్ని మాత్రం మరవలేదు.

మొదట్లో కూతురు అందరిలాగే పోట్లాడింది. "అమ్మా, నేను నీ కూతుర్ని" అని ఎంత చెబితే తల్లి అంత బెదిరిపోయేది. ముక్కూ మొహం తెలియని మనిషి ఒంటిమీద చెయ్యి వేస్తుంటే ఎవరు మాత్రం ఊరుకుంటారు? స్నానం లేదు, తిండి లేదు, మాత్ర లేదు. ఒకరోజు మగ్గు విసిరితే కూతురి నుదురు చిట్లింది. వీధిలోకి పోయి కాసేపు ఏడ్చి, కళ్లు తుడుచుకుని తిరిగొస్తే, "పనికోసం వచ్చావా?" అనడిగింది తల్లి. విసిగిపోయి "అవునండీ" అంది కూతురు. ఆ పూట తల్లి కిక్కురుమనకుండా స్నానం చేయించుకుంది.

అప్పట్నుంచీ రోజూ ఇదే తంతు. తెల్లవారుజామున తల్లి ఇంకా మగతలో ఉండగానే పక్కబట్టలు మార్చేస్తుంది. ఎనిమిదింటికి ఉద్యోగానికి వస్తుంది. ఉద్యోగం దొరికితే ఆ రోజు అమ్మకి స్నానం, తిండి, మందులు. దొరక్కపోతే అమ్మ గదిలో గడియ పెట్టుకుని పస్తుంటుంది.

ఉద్యోగానికి పెట్టే పరీక్ష బల్లమీదే ఉంది, తెల్లటి దుప్పటి. ఇద్దరూ చెరో రెండు మూలలూ పట్టుకున్నారు. గ్లాసు కూడా తిన్నగా పట్టుకోలేని తల్లి చేతులు దుప్పటి అందగానే వణకడం మానేశాయి. లాగడం, దులపడం, సగానికి మడవడం. కూతురు ఎదురు నడిచి తన మూలలు అందించింది. వేళ్లకి వేళ్లు తగిలాయి. తల్లి తనంతట తాను ఆమెను ముట్టుకునేది రోజు మొత్తంలో అప్పుడొక్కసారే. తల్లివైపు అంచు కాస్త జారితే, ఆమె కంటబడకుండా బొటనవేలితో సర్దేసింది కూతురు.

ఇన్‌ఛార్జిగారు మడత మీదికి వంగి చూశారు. కళ్లజోడు పెట్టెలోంచి చెరగని నీలం సిరా పెన్ను తీసి, దుప్పటి మూలన ఒక టిక్కు పెట్టారు. ఆ మూల నిండా చీమలు బారు కట్టినట్టు టిక్కులే.

"సరే, చేరు. ముందు నీళ్లు కాచు."

స్నానం అయింది, ఫలహారం అయింది, మాత్రలు లోపలికి పోయాయి. తల్లి కుర్చీలో కూర్చుంది. కూతురు కింద కూర్చుని తన సొంత పని ముందేసుకుంది. దర్జీలు పంపే చొక్కాలకి చేత్తో కాజాలు కుట్టడం ఆమె పని. ఆ పనిలో ఆమెకు తిరుగులేదు. దారం మైనానికి రాసి, కోసిన అంచు చుట్టూ ఎంత దగ్గరగా కుడుతుందంటే, చొక్కా చిరిగినా కాజా చిరగదు.

మధ్యాహ్నం భోజనమయ్యాక తల్లి వంగి ఆ కుట్టు చూసింది. "బాగుందే! ఎక్కడ నేర్చుకున్నావ్?"

"ఒకచోట ఉద్యోగం ఇవ్వనన్నారండీ. అప్పుడు నేర్చుకున్నాను."

"నిన్ను కాదన్న ఆ మహానుభావులెవరో?"

కూతురికి నవ్వాగలేదు. ఆ మహానుభావురాలు తన ఎదురుగానే కూర్చుని ఉంది మరి. ముప్పై రెండేళ్ల కిందట, వరసలో నిలబడ్డ అందరి ముందూ, "మూలలు కలవలేదు. తర్వాతెవరు?" అని సొంత కూతుర్ని పంపించేసింది. ఎందుకని కూతురు అడగలేదు, తల్లి చెప్పలేదు. ఆ మాట ఇన్నేళ్లూ గొంతులో ముల్లులా ఉండిపోయింది.

"నేనూ ఒకసారి ఒకర్ని కాదన్నాలే," అంది తల్లి. "నా కూతుర్నే."

సూది ఆగింది. "మూలలు కలవలేదాండీ?"

"ఎందుకు కలవవు? నా చేతికింద పెరిగిన పిల్ల! అచ్చు గుద్దినట్టు మడిచింది." తల్లి రెండు చేతులూ చాపింది. మణికట్టు నుంచి మోచేతుల దాకా ఆవిరికి కాలిన మచ్చలు. "ఇవి దానికెందుకని."

"ఆ మాట ఆవిడతో చెప్పకపోయారా?"

"చెబితే వింటుందా? మొండిఘటం. చెప్పుంటే మర్నాడు మళ్లీ వచ్చి వరసలో నిలబడేది."

నిజమే, నిలబడేదే. "అమ్మా, అది నేనే" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మనమైతే అనేసేవాళ్లమే. అంటే ఏమవుతుందో ఆమెకు తెలుసు. మళ్లీ బెదురు, మళ్లీ గడియ, సాయంత్రం వేయాల్సిన మాత్ర మిగిలిపోవడం. ఆ మాట మింగేసి నీళ్లగ్లాసు అందించింది.

తల్లి నీళ్లు తాగి, "ఆ దుప్పటి ఇలా తే," అంది. ఒళ్లో పెట్టుకుని పెన్ను తీసింది. ఈసారి చెయ్యి వణికింది. టిక్కుల గుంపుకి కాస్త ఎడంగా ఒక్కటి పెట్టింది. "ఇది దానిది. ఆ రోజే పెట్టాల్సింది."

"ఆవిడొస్తే చూపించనా అండీ?"

"చూపించు. నువ్వు మాత్రం రేపు ఎనిమిదికల్లా రావాలి."

"వస్తానండీ."

దుప్పటి మళ్లీ బల్లమీదికి చేరింది. తల్లి కుర్చీలోనే కునుకు తీసింది. నాలుగింటికి కూతురు పాలు తెచ్చి "ఏమండీ" అని పిలిచింది. పలకలేదు. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. గ్లాసు కింద పెట్టి, పక్కన కూలబడి, చాలా కాలానికి భయం లేకుండా "అమ్మా" అని పిలిచింది. పిలుస్తూనే ఉంది.

వచ్చినవాళ్లంతా వెళ్లిపోయిన మూడో రోజు, ఎనిమిదికి ఐదు నిమిషాలుండగా ఆమె కాళ్లు వాటంతటవే పెరట్లోంచి వీధిలోకి నడిచాయి. తలుపు తట్టాక గానీ తెలివి రాలేదు. లోపల గడియ పెట్టే ఉంది. తీసేవాళ్లు లేరు. ఎదురింటి కరెంటు మేస్త్రీ సైకిలు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

ఆమె మళ్లీ చుట్టూ తిరిగి వెళ్లి గడియ తనే తీసింది. తెరిచిన తలుపులోంచి వెలుతురు బల్లమీది దుప్పటి మీద పడింది. మూలన నీలం టిక్కుల గుంపు, దానికి కాస్త ఎడంగా వణికిన గీతతో ఒక్క టిక్కు.