జోనాకి పేరు, బాదశా డబ్బా

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే ఆసుపత్రిలో పని అంటాను. అంతకు మించి చెబితే ఎదుటివాళ్ళు తాగుతున్న చాయ్ కింద పెట్టేస్తారు. మీర్పూర్ బస్తీలో రెండేళ్ళలోపు పిల్లలున్న ప్రతి గడపా తొక్కి, ఆ పిల్లలు పొద్దున్నే దొడ్డికి కూర్చున్నది చెంచాతో డబ్బాలోకి ఎత్తి, మంచుపెట్టెలో పెట్టి, రెండు గంటల్లోపు ల్యాబుకి చేర్చాలి. పదకొండేళ్ళుగా ఇదే పని. నా పేరు మొర్జినా. బస్తీలో మాత్రం డబ్బా ఆపా, అంటే డబ్బా అక్క, అంటారు. మా ఆయన తన స్నేహితులకి నన్ను "డాక్టరమ్మగారి కుడిచెయ్యి" అని పరిచయం చేస్తాడు. ఆ చేత్తో ఏం ఎత్తుతానో చెప్పడు.

కొహినూర్ కూతురు జోనాకికి ఇరవై రెండు నెలలు. పొడవు డెబ్భై నాలుగు సెంటీమీటర్లు. అయిదు నెలలుగా అదే డెబ్భై నాలుగు. పక్కింటి హాజెరాని అందరం ఖాలా, అంటే పిన్ని, అంటాం; ఆవిడ మనవడు బాదశా దానికంటే మూడు నెలలు చిన్నవాడు, అయినా వాడి పక్కన నిలబడితే జోనాకి వాడి బొమ్మలా ఉంటుంది. వాడి పేరుకి తగ్గట్టే నడక, పేరుకి తగ్గట్టే పొట్ట.

ఎదగని పిల్లలందరికీ తిండి చాలకే కాదు. కొందరికి తిన్నది ఒంటికి పట్టదు. మురుగు నీళ్ళలోని క్రిములు నోట్లోకి పోయి పోయి పేగు లోపలంతా వాచి ఉంటుంది. జ్వరం ఉండదు, ఏడుపు ఉండదు, బయటికి ఏమీ కనిపించదు. అరిగిపోయిన తువ్వాలు తడిని పీల్చనట్టు ఆ పేగు అన్నాన్ని పీల్చదు. వాపు ఉందో లేదో మలం పరీక్షలో కొంత తెలుస్తుంది. ఉందని తేలితే మా డాక్టర్ నిలుఫర్ ఆపా ఆ బిడ్డని తన జాబితాలో రాసుకుని, తొంభై రోజులు మందూ తిండీ ఇచ్చి, వారం వారం చూస్తుంది. ఈ గురువారం మధ్యాహ్నం రెండింటిలోపు ల్యాబుకి చేరినవాటితో జాబితా మూసేస్తారు.

బుధవారం పొద్దున్న నేను జోనాకి ఫలితం పట్టుకుని వెళ్ళాను. గుమ్మంలో కొహినూర్ చొక్కాలకి గుండీలు కుడుతోంది. బస్తీలో గుట్టుగా చెప్పుకునే చోటెక్కడిది? నేను నోరు తెరిచేసరికి పదిమంది పోగయ్యారు.

"పేగు బాగానే ఉంది కొహినూర్. వాపేమీ లేదట."

కొహినూర్ మొహం పాలిపోయింది. మంచి మాటకి అలా అయిందేమిటా అనుకున్నాను. అంతలో కుళాయి దగ్గరినుంచి ఒకావిడ అందుకుంది. "పేగు బాగుంటే పిల్ల ఎందుకు పెరగదు? పెట్టడం లేదు, అంతే! గుండీలు కుట్టుకుంటూ కూర్చుంటే పిల్లకి ముద్ద ఎవరు పెడతారు?"

కబురుకి కాళ్ళుంటాయంటారుగా, అది చిట్టగాంగ్‌లో లారీ తోలే మొగుడు రొఫీక్ దగ్గరికి నేను గడప దిగకముందే చేరింది. ఫోన్ మోగింది. అతని గొంతు అందరికీ వినబడింది. "నేనక్కడికి పంపేది ఎవరు తింటున్నారు? కన్నబిడ్డకి ఇంత పెట్టడానికి చేతులు రావా నీకు?"

కొహినూర్ ఫోన్ కింద పెట్టి ఇంకో గుండీ అందుకుంది. నాకు ఒళ్ళు మండింది. ఎన్నో నెలలుగా ఆ పిల్ల నాకు తెలుసు. దాని కంచం నేను చూశాను. అబద్ధం ఎక్కడో ఉంది.

అప్పుడొచ్చింది హాజెరా ఖాలా, తమలపాకు నములుతూ. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి, కానీ నోట్లో నువ్వుగింజ నానదు. కొహినూర్ పిల్లకి సరిగ్గా పెట్టదని అయిదు నెలల కింద మొదట అన్నదీ ఆవిడే.

"ఏంటి, పేగు భేషుగ్గా ఉందటగా! ఉండదూ మరి! ఎవరి మనవడనుకున్నారు!"

సందంతా ఖాలావైపు తిరిగింది.

"మనవడేంటి ఖాలా? జోనాకి ఆడపిల్ల కదా?" అన్నాను.

ఖాలా నమలడం ఆపింది. కొహినూర్ కొంగు మొహం మీదికి లాక్కుంది. నాకు అప్పుడు వెలిగింది, నేను పట్టుకెళ్ళిన డబ్బాలోది బాదశాదని. ఆ డబ్బా అందుకుంటూ, ల్యాబు కిటికీ దగ్గర కూర్చునే ఒహీదుల్ "మీ పిల్ల బొమ్మంత ఉంటుందన్నారు, డబ్బా మూతదాకా నిండిందేంటి ఆపా?" అని నవ్విన నవ్వు ఇప్పుడు నాకు అర్థమైంది. అది తీసుకున్న పొద్దున్న నేను వెళ్ళేసరికే, ముందురోజు ఇచ్చిపోయిన డబ్బా నిండి, మూత పెట్టి, తుడిచి, పైన శుభ్రమైన గుడ్డ కప్పి సిద్ధంగా ఉంది. పదకొండేళ్ళ అనుభవం! ఎంత చక్కటి అమ్మ అని మెచ్చుకుని పట్టుకుపోయాను.

"మరేం చేయను ఆపా?" అంది కొహినూర్ కొంగులోంచి. "అంత పెద్ద ఆసుపత్రి, అంతమంది డాక్టర్లు చూస్తారంటివి. దానిదేమో ఇంతే ఇంత, జిగటగా, చూడ్డానికే బాగోదు. ఇంటికి చుట్టాలొస్తే మాడిన అన్నం పెడతామా? పక్కింట్లో అడిగైనా మంచిది పెడతాం కదా."

"అడిగింది, ఇచ్చాను," అంది ఖాలా. "ఉప్పడిగితే ఇవ్వనా? ఇదీ అంతే. పైగా వాడిది చూస్తే కళ్ళు చల్లబడతాయి."

అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని విన్నాను గానీ ఇలాంటి దానం వినలేదు. నవ్వు ఆపుకోలేక నేను గుమ్మం మీద కూలబడ్డాను. నన్ను చూసి ఖాలా, ఖాలాని చూసి సందంతా నవ్వింది. కొహినూర్ ఒక్కతే నవ్వలేదు. "బిడ్డకి పెట్టని తల్లిని అయిపోయాను ఆపా," అంది. నేను లేచి నిలబడ్డాను.

"రేపు రెండింటిదాకా టైముంది," అన్నాను. "ఈసారి దానిదే. నా కళ్ళముందే."

గురువారం ఏడింటికే వెళ్ళి కూర్చున్నాను. కొహినూర్ కాళ్ళు చాపి, పాదాల మీద జోనాకిని కూర్చోబెట్టి "ష్ష్ష్" అంటోంది. జోనాకి నావంక చూసి నవ్వింది. అంతే, ఇంకేమీ రాలేదు. ఎనిమిదయింది, తొమ్మిదయింది. రోజూ ఎప్పుడు పడితే అప్పుడు, ఎక్కడ పడితే అక్కడ కూర్చునే పిల్ల, ఈవేళ పరువుగల కోడలిలా బిగించుకుంది.

సందులో ఎవరికీ వేరే పని లేకుండా పోయింది.

"బొప్పాయి పెట్టు!"

"గోరువెచ్చటి నీళ్ళు పట్టు!"

"సబ్బుముక్క పెడితే క్షణంలో..."

"సబ్బు గిబ్బు అంటే ఊరుకోను!" అని అరిచాను. "పరీక్ష పాడవుతుంది. దానంతట అది రావాలి."

హాజెరా ఖాలా నడుం మీద చేతులు పెట్టుకుని రంగంలోకి దిగింది. "ఇంతమంది గుడ్లప్పగించి చూస్తుంటే ఎవరికొస్తుందే? మీకొస్తుందా? అటు తిరగండి అందరూ!"

ఇరవైమంది ఆడవాళ్ళు గోడవైపు తిరిగారు. నీళ్ళబిందెతో వస్తున్న ఒక ముసలాయన ఏమిటో తెలియకుండానే తానూ తిరిగి, బిందె దించుకోవచ్చా అని గోడనే అడిగాడు. జోనాకికి అది గొప్ప ఆటగా తోచింది. వీపులన్నీ చూసి కిలకిలా నవ్వి, చప్పట్లు కొట్టింది. దొడ్డికి మాత్రం వెళ్ళలేదు.

ఈలోగా బాదశా మూడుసార్లు వెళ్ళాడు. మూడుసార్లూ ఖాలా ఆశగా నావంక చూసింది. "ఆపా, ఊరికే పోతోంది, కావాలంటే..."

"వద్దు ఖాలా!"

పదకొండయింది. పన్నెండయింది. నేను నిమిషానికోసారి గడియారం చూడ్డం మొదలుపెట్టాను. కొహినూర్ పిల్లకి కిచిడీ పెడుతూ ఒక్కో ముద్దకీ "తిను తల్లీ, అమ్మ పరువు నిలబెట్టు తల్లీ" అంటోంది. ఆ పిల్ల తింటోంది. ముద్ద వెనక ముద్ద, వేళ్ళు నాకి మరీ తింటోంది. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఖాలా చూస్తూనే ఉంది.

ఒంటిగంట పదికి జోనాకి ఒక కోడి వెంట పడింది. నాలుగడుగులు పరిగెత్తి టక్కున ఆగింది. మొహం ఎర్రబడింది. కళ్ళు దూరంగా ఎక్కడో నిలిచాయి. ఆ మొహం నేను ఎక్కడున్నా గుర్తుపడతాను.

"ఎవరూ కదలొద్దు!"

ప్లాస్టిక్ కాగితం పట్టుకుని నేలమీద పాకుతూ వెళ్ళి కింద పరిచాను. సందంతా ఊపిరి బిగబట్టింది. కోడి కూడా నిలబడింది, ఒట్టు.

వచ్చింది!

ఆ కేకలు వింటే క్రికెట్టులో మేమే గెలిచామనుకుంటారు. ఈలలు, చప్పట్లు, ఒకావిడైతే గిన్నె మీద గరిటెతో వాయించింది. నేను చెంచాతో ఎత్తుతుంటే ఖాలా వంగి చూసింది. అది రెండు చెంచాలుంటుందేమో, పల్చగా, జిగటగా ఉంది. ఖాలా మొహంలో నవ్వు పోయింది. "అంత తిన్నది ఎక్కడికి పోతోందే తల్లీ?" అని పిల్ల తల నిమిరింది.

ఒంటిగంట ఇరవై. కొహినూర్, పిల్ల, మంచుపెట్టె, నేను ఒకే రిక్షాలో ఎక్కాం. తొక్కేవాడికి సంగతి తెలుసు కాబట్టి బెల్లు సరిపోక గొంతు కూడా వాడాడు. "తప్పుకోండి! ఆసుపత్రి సరుకు! తప్పుకోండి!" ఒక పోలీసు ఆపబోయి, "పెట్టెలో ఏముంది?" అన్నాడు. నేను నిజం చెప్పాను. రెండడుగులు వెనక్కి వేసి దారిచ్చాడు.

రెండింటికి ఆరు నిమిషాలుండగా కిటికీ దగ్గర నిలబడ్డాం. ఒహీదుల్ డబ్బా ఎత్తి చూసి, కళ్ళజోడు మీదనుంచి నన్ను చూశాడు. "ఈసారి ఎవరిది ఆపా?"

"దీనిదే!" అంది కొహినూర్, పిల్లని కిటికీలోంచి లోపలికి చాపి. "నా బిడ్డదే! బాగోలేదని ఏమీ అనుకోకండి!"

"బాగోకపోతేనే మాకు పని," అని అతను ముద్ర వేశాడు.

ఆదివారం ఫలితం వచ్చింది. వాపు లెక్క ఉండాల్సినదానికి అయిదింతలు. నిలుఫర్ ఆపా జోనాకి పేరు జాబితాలో రాసి, "తగ్గుతుందని మాటివ్వలేను. కానీ శత్రువు ఎక్కడున్నాడో తెలిసింది" అంది. అయిదింతలు వాపుంటే సంతోషపడే మనిషిని నేనొక్కదాన్నేనేమో. బస్తీకి నడవలేదు, పరిగెత్తాను.

"వాచింది కొహినూర్! అయిదింతలు!"

"చెడ్డదా ఆపా?"

"చెడ్డదే. చూస్తారు, మందిస్తారు."

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "అయితే... నేను పెట్టాను కదా? పెట్టాననే కదా అర్థం?"

"నువ్వు పెట్టావు. దాని పేగు తీసుకోలేదు."

ఒక్క ఉదుటున సందులోకి వెళ్ళి నిలబడింది. అయిదు నెలలు తలెత్తని మనిషి గొంతెత్తి అరిచింది. "నా బిడ్డ పేగు వాచింది! విన్నారా? అయిదింతలు వాచింది!" పెళ్ళి కబురు కూడా ఎవరూ అంత సంబరంగా చెప్పగా వినలేదు. మొగుడికి ఫోన్ చేసింది. "జోనాకి నాన్నా, వాచింది!"

"వాస్తే ఎందుకు నవ్వుతున్నావే? పిచ్చి పట్టిందా?"

జవాబు చెప్పబోయింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడుపులోకి జారిపోయింది. హాజెరా ఖాలా వచ్చి ఫోన్ లాక్కుంది.

"ఒరేయ్ రొఫీక్, నేను హాజెరా ఖాలాని. నీ పెళ్ళాం పెట్టింది. గిన్నెడు కిచిడీ పెట్టింది, పిల్ల తింది, నా ఈ రెండు కళ్ళతో చూశాను. పెట్టలేదని అన్నవాళ్ళలో నేనే ముందు. నా నోరు పడిపోను. ఇక నువ్వు కూడా అనకు."

అవతల లారీ ఆగిన చప్పుడు వినిపించింది. తర్వాత రొఫీక్ చిన్నగా అడిగాడు. "కొహినూర్ ఉందా అక్కడ?"

కొహినూర్ ముక్కు తుడుచుకుని ఫోన్ తీసుకుంది. "ఉన్నాను. చెప్పు."

"ఏం చేస్తున్నావు?"

"ఏం చేస్తాను," అంది. "పిల్లకి అన్నం పెడుతున్నాను."