గెంగ్ ముఖం

గోడ మీద ఎర్రరంగుతో ‘కూల్చు’ అని రాసి సున్నా చుట్టి పోయినవాళ్లు, పొద్దున్నే సుత్తులతో దిగబడ్డారు. కరెంటు నిన్ననే పీకేశారు. బీజింగ్ శివార్లలోని ఆ పాత ఫ్యాక్టరీ షెడ్డే శిల్పి మియావో రుయికి ఇల్లూ, పనిచోటూ. లోపల బల్లల మీద ఆమె మూడేళ్ల కష్టం ఉంది. చుట్టూ లేచిన టవర్లు కట్టిన కూలీల ముఖాలవి, మనుషుల మీదే అచ్చు తీసి ప్లాస్టర్‌తో పోసినవి. కూలీలంటే ఈమెకు ఎంత ప్రేమో అని పత్రికలు తెగ మెచ్చుకున్నాయి. ఎల్లుండే షాంఘైలో ప్రదర్శన. లారీ మధ్యాహ్నానికి గానీ రాదు.

“మధ్యాహ్నం దాకా ఆగండయ్యా, మీకు దణ్ణం పెడతా!”

“నీ బొమ్మల కోసం బుల్‌డోజర్ ఆపాలా తల్లీ?” అని నవ్వి, ముఠా మేస్త్రీ తలుపును ఒక్క తన్ను తన్నాడు.

మొదటి బల్ల బోర్లాపడింది. ముక్కులూ పెదాలూ నేలంతా చెల్లాచెదురయ్యాయి. రుయి అడ్డం పడితే ఒకడు జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. కళ్లు బైర్లు కమ్మాయి, నోరంతా నెత్తురైంది. ఎలాగో లేచి చూస్తే చివరి బల్ల ముందు సుత్తి పట్టుకుని నిలబడ్డవాడు గెంగ్! సిచువాన్ నుంచి వచ్చిన ఇనుప చువ్వల కూలీ. నిరుడు ఈ షెడ్డులోనే పడుకోబెట్టి, ఊపిరాడేందుకు ముక్కులో గొట్టాలు పెట్టి, అతని ముఖం అచ్చు తీసింది. ఆ బల్ల మీదున్నదీ, ప్రదర్శన పోస్టర్ల మీద ఉన్నదీ ఆ ముఖమే.

“గెంగన్నా, నువ్వా! నీ మొహం నువ్వే పగలగొట్టుకుంటావా?”

“ఏం చెయ్యను చెల్లెమ్మా, టవర్ల పని ఆగిపోయింది. వీళ్లు పిలిచారు, వచ్చా. ఇంకోటి చేసుకుందువులే, నా మొహం ఎక్కడికీ పోదుగా!”

సుత్తి ఎత్తాడు. రుయికి ఒళ్లు తెలియలేదు. ఒక చేత్తో ఆ ప్లాస్టర్ ముఖాన్ని లాక్కుంది, రెండో చేత్తో తన కొయ్యసుత్తి అందుకుని బలం కొద్దీ కొట్టింది. ముక్కు ఎముక పటుక్కుమంది. గెంగ్ కుప్పకూలాక మళ్లీ కొట్టింది. చెంప చీలి పళ్లు కనిపించాయి. ముఠా వాళ్లే బిక్కచచ్చిపోయారు.

గెంగ్ నోటితో ఊపిరి ఎగబీలుస్తున్నాడు.

“అచ్చు తీసేప్పుడు… భయపడకన్నా, నేనున్నాగా, మెల్లగా గాలి పీల్చుకో అన్నావే చెల్లెమ్మా” అన్నాడు.

రుయి చేతిలోని ముఖాన్నీ, కిందున్న ముఖాన్నీ చూసింది. రెంటికీ ఇక పోలిక లేదు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

అయినా చేతిలోది కింద పెట్టలేదు.