తలుపు దాటని పాఠం

"డెమో చూడకుండ విమానం ఎక్క సార్," అంది అనుపమ.

చక్రపాణి పకపకా నవ్వాడు. "అమీర్‌పేట అనిపించుకున్నారు! సేవకి వెళ్తూ డెమో ఏంటండీ?"

"మా గల్లీల కుట్టుమిషన్ క్లాసుకు సుత డెమో ఉంటది సార్."

పంజాగుట్టలో ఒక జ్యూస్ సెంటర్ పైన ఉంది చక్రపాణి నడిపే సేవా ట్రస్టు ఆఫీసు. కంబోడియాలో ఓ పేదల బస్తీకి వెళ్లి, ఆరు నెలలు పిల్లలకు ఉచితంగా ఇంగ్లీషు చెప్పాలి. టికెట్టు, తిండి, గది ట్రస్టువే. ప్రయాణం ఆ రాత్రికే. అనుపమ పాస్‌పోర్ట్ వారం నుంచీ చక్రపాణి సొరుగులోనే ఉంది.

ఆమెను ఇందులోకి దింపినవి కేదార్ మెసేజ్‌లు. అమీర్‌పేటలో ఆమె నడిపే స్పోకెన్ ఇంగ్లీష్ బ్యాచ్‌లో చదివి, మొన్న ఎండాకాలంలో అక్కడికి వెళ్లాడు. 'పిల్లలు బంగారం మేడమ్, మీరూ రండి' అని రోజూ పెడుతున్నాడు.

చక్రపాణి లాప్‌టాప్ ఇటు తిప్పాడు. తెరమీద తెల్లగోడ, బెంచీల నిండా పిల్లలు, పక్కన కేదార్. బుగ్గలు పీక్కుపోయి ఉన్నాయి.

"ఏంరా, తిండి పెడ్తలేరా?"

"మస్తు పెడ్తున్నరు మేడమ్." అంటూనే కెమెరా పక్కకు చూశాడు.

పిల్లలు కోరస్‌గా గుడ్ మార్నింగ్ చెప్పారు. చక్రపాణి చెయ్యి లాప్‌టాప్ మూత మీదికి వెళ్లింది. "చాలా?"

"ఉండుండ్రి సార్. ఒక్క పాఠం నేను చెప్త."

ఆమె మొదటి పాఠం ఎవరికైనా ఒకటే. అందరూ బయటికి వెళ్లి, చేతికి దొరికింది తెచ్చి, దాని గురించి మాట్లాడాలి. అమీర్‌పేటలో ఒకరు బత్తాయి తొక్క తెస్తే, ఇంకొకరు కోచింగ్ కరపత్రం తెచ్చేవారు. కేదార్ ఏకంగా టీ బండి భాయ్‌నే లాక్కొచ్చాడు.

"కేదార్, అందర్ని బయటికి పంపు. తలా ఒక ఆకు తేవాలె."

కేదార్ కదల్లేదు. అనుపమే చేత్తో తలుపు వైపు సైగ చేసింది. ముందు బెంచీలో పాప హుషారుగా లేచింది. తెర అంచు నుంచి ఒక మొరటు చెయ్యి వచ్చి, పాప భుజం నొక్కి కూచోబెట్టింది.

"బయట వాన మేడమ్," అన్నాడు కేదార్.

అతని కాళ్ల దగ్గర ఎండ పడుతోంది. ఆ ఎండలో కిటికీ ఊచల నీడలు.

అనుపమకు సంగతి అర్థమైంది. విదేశమని ఆశపెట్టి తీసుకెళ్లి, పాస్‌పోర్ట్ గుంజుకుని, గదుల్లో బంధించి ఫోన్ మోసాలు చేయిస్తున్నారని ఆమె వినకపోలేదు. కేదార్ రమ్మన్నాడు కదా అని నమ్మింది. ఆ మెసేజ్‌లు అతని చేత ఎవరో పెట్టిస్తున్నారు! ఆ పిల్లలు ఈ కాల్ కోసం తెచ్చి కూచోబెట్టినవాళ్లు.

ముందు ఆ సొరుగు తెరిపించాలి. ముఖానికి నవ్వు పులుముకుంది.

"మస్తుంది సార్! మా బ్యాచోళ్లు ఇంకో నలుగురు వస్తమంటున్నరు."

చక్రపాణి కళ్లు మెరిశాయి. అమీర్‌పేటలో ఎవరూ ఒంటరిగా చేరరు. ఒకరు చేరితే రూమ్మేట్లంతా వెనకే. "పిలవండి మరి!"

"కింద జ్యూస్ సెంటర్ కాడనే ఉన్నరు. వీసా కండ్లతోని చూస్తేనే నమ్ముతరట."

అతను ఆమె ముఖంలోకే చూస్తూ ఉండిపోయాడు. అనుపమ నవ్వు చెదరనివ్వలేదు. ఎట్టకేలకు సొరుగు తెరుచుకుంది.

"వీర్రాజూ, మేడమ్‌గారితో వెళ్లు. పాస్‌పోర్ట్ మాత్రం నీ చెయ్యి దాటకూడదు."

గుమ్మం దగ్గరున్న భారీ మనిషి పాస్‌పోర్ట్ జేబులో పెట్టుకుని ఆమె వెంట దిగాడు. జ్యూస్ సెంటర్ ముందు కోచింగ్ కుర్రాళ్లు కిటకిటలాడుతున్నారు. ఆ నలుగురూ ఉంటే కదా!

"ఏరండీ మీవాళ్లు?"

"గా గుంపులనే. జర వీసా పేజీ తియ్యన్నా."

వీర్రాజు పాస్‌పోర్ట్ తీసి విప్పాడు. అనుపమ చటుక్కున లాక్కుంది. వెనక బెంచీకి వినబడే గొంతుతో అరిచింది: "అన్నా! గీయన నా పాస్‌పోర్ట్ గుంజుకుంటుండు!"

గ్లాసులు పట్టుకున్న తలలన్నీ తిరిగాయి. పదిమంది వీర్రాజును చుట్టుముట్టారు. అనుపమ వెనక్కి చూడకుండా పోలీస్ స్టేషన్ దాకా పరుగెత్తింది.

ఎస్సై తాపీగా విన్నాడు. "పాస్‌పోర్ట్ నీ చేతులనే ఉంది కదమ్మా. ఇంకేం ఫికర్?"

అప్పుడే ఆమె ఫోన్ మోగింది. కేదార్ మెసేజ్: 'పిల్లలు మీకోసం ఎదురుచూస్తున్నారు మేడమ్.'

ఆమె ఫోన్ ఎస్సై ముందు పెట్టింది.

"నాది దొరికింది సార్. వీనిది ఇంక వాళ్ల కాడనే ఉంది. ఆ ఆఫీసుకు తాళం పడకముందే జీపు తియ్యుండ్రి."

ఎస్సై మెసేజ్ చదివాడు. టోపీ అందుకున్నాడు.