అడ్డం రాని కుక్క

దావీదురాజు చనిపోయిన పొద్దు ఆ రోడ్డు మీద కుక్కే లేదు. ఆ సంగతి భార్య ఓబులమ్మకు తెలుసు, కొడుకు యేసుప్రసాదుకు తెలుసు, పైనున్న ప్రభువుకూ తెలుసు. కాయితంలో మాత్రం కుక్క ఉంది.

వాళ్లది బేతంచెర్లకు నాలుగు మైళ్ల ఎడంలో ఊరు. సగం ఇళ్ల మగవాళ్లకు బండల పాలిష్ ఫ్యాక్టరీలే దిక్కు. తెల్లారి ఆరింటికి సైకిళ్ల మీద బారుగా పోతారు. సాయంత్రం ఒళ్లంతా రాతిపొడితో, పిండిలో దొర్లినట్టు తెల్లగా తిరిగి వస్తారు. బండల లారీలకూ అదే వేళ, అదే రోడ్డు. రోడ్డు తెల్లన, మనిషి తెల్లన, సైకిలు తెల్లన. డ్రైవరుకు ఏది మనిషో ఏది మట్టో తెలియదు. తెలిసినా పక్కకు తిప్పాలన్న కట్టడి ఏదీ లేదాయె.

నాలుగేళ్ల కిందట, ఈస్టరు పండగ పోయిన మూడోనాడు, దావీదురాజును అట్లాంటి లారీ ఒకటి రాసుకుంటూ పోయింది. పడ్డవాడు పడ్డట్టే వెనక చక్రాల కిందికి పోయాడు.

ఆ వైపు ఊళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. శవం లేచేలోపల రాజీ కుదరాలి. లారీ మీద కేసు పడితే లారీ ఆగుతుంది, ఫ్యాక్టరీ ఆగుతుంది, ఊరి కూడు ఆగుతుంది. అందుకని పెద్దమనుషులు కూర్చుని ఒకే మాట రాయిస్తారు: కుక్క అడ్డం రాగా సైకిలు అదుపు తప్పి తనంతట తానే పడిపోయినాడు అని. దానికి బదులు ఇంట్లో ఒకరికి ఫ్యాక్టరీలో పని ఇస్తారు, సమాధికి పాలిష్ బండలు పంపుతారు. ఓబులమ్మ ఏడుస్తూనే వేలిముద్ర వేసింది. యేసుప్రసాదుకు పని దొరికింది, సమాధికి నున్నని బండలు వచ్చాయి. ఆదివారం గుడి అయ్యాక ఆ బండల మీద చెయ్యి పెట్టి కాసేపు కూర్చునేది ఆమె. బొటనవేలు మాత్రం లోపలికి మడుచుకునేది.

అట్లా నాలుగేళ్లు గడిచాయి. మొన్న ఎండలు ముదరకముందు, తొమ్మిదో తరగతి చదివే మనవరాలు స్తుతి బడి నుంచి సైకిలు తోసుకుంటూ వచ్చింది. మోచెయ్యి చెక్కుకుపోయి ఉంది.

"లారీ తగిలిందా పాపా?"

"తగల్లే జేజీ. ఉత్త గాలికే పడిపోయినా."

"ఎంత ఎడంలో పోయింది?"

స్తుతి వేళ్లు చాపి చూపించింది. జానెడు.

ఓబులమ్మ ఆ జానెడును చూసింది. చూసి, గాయానికి పసుపు కూడా పెట్టకముందే, "పుస్తకం తియ్యి, నేను చెప్తా, నువ్వు రాయి" అంది.

"సైకిలును దాటే లారీ మూడు మూరలు ఎడం ఇడిసి దాటల్ల. ఇడవనోనికి జుల్మానా ఎయ్యల్ల. ఫ్యాక్టరీ ఇడిసే వేళ, బడి వేళ బండల లారీ రోడ్డెక్కగూడదు. మనిషి చక్రాల కిందికి పోకుండా లారీకి పక్కన ఇనుప కమ్ములు కట్టల్ల. దయచేసి అని రాయొద్దు. చట్టం చేయండి అని రాయి."

"మూరలు కాదు జేజీ, మీటర్లలో రాయల్ల. మీటరున్నర."

"నువ్వు మీటర్లు రాసుకో. నేను మూరలే చెప్తా."

ఊళ్లో డెబ్బై మంది వేలిముద్రలు, సంతకాలు వేశారు. సోమవారం అర్జీ పట్టుకుని ఓబులమ్మ జిల్లా ఆఫీసుకు పోయింది. తోడు పక్కింటి ఉరుకుందమ్మ. కోసిగి వైపు నుంచి కరువుకు పనులకొచ్చి ఇక్కడే నిలిచిపోయిన మనిషి. ఆమె భర్త రామప్పదీ అదే రోడ్డు, అదే చావు, కాయితంలో అదే కుక్క.

అర్జీ చూసిన అధికారి చెడ్డవాడేం కాదు. కుర్చీ వేయించాడు, ఫైలు తెప్పించి ఓపిగ్గా తిప్పాడు.

"ఆ రోడ్డు మీద ఏడేళ్లలో సైకిలు వాళ్లు పదకొండు మంది పోయారమ్మా. ఒక్కరూ లారీ వల్ల కాదు. పదకొండు మందికీ కుక్కే అడ్డమొచ్చింది. లారీల మీద చట్టం కావాలని పైకి ఏ మొహంతో రాయను? కుక్కలను పట్టమని పోయిన నెలే ఉత్తర్వు వేశాం."

ఓబులమ్మ అర్జీ బల్ల మీదే ఉంచి లేచింది. బయట వరండాలోకి వచ్చాక ఉరుకుందమ్మ ఆమె భుజం పొడిచింది.

"వదినా, మా ఆయన్ను సంపిన కుక్క ఎర్రది. మీదేం రంగు?" అని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే కొంగు నోట్లో కుక్కుకుని గోడకు ఒరిగిపోయింది.

సంగతి ఫ్యాక్టరీకి వాళ్లకంటే ముందే చేరింది. ఆ సాయంత్రం యేసుప్రసాదు కాళ్లు కడుక్కోకుండానే గడపలో నిలబడ్డాడు.

"ఏమ్మా, ఇంక ఈ అర్జీలు సాలు. 'మీయమ్మ మాట మారిస్తే రేపట్నుంచి రావొద్దు' అని సూపర్వైజరు చెప్పినాడు. ఈడ పని పోతే నేను యాడికి పోవల్ల?"

ఓబులమ్మ అన్నం పెట్టింది. ఎదురుగా కూర్చుంది.

"ఆ పొద్దు నువ్వు కూలికి పోయి మీ నాయన ఎనకనే సైకిలు మీద వస్తాంటివి. ఏం సూసినావో నాకు ఒక్కనాడన్నా చెప్పినావా నాయనా?"

యేసుప్రసాదు ముద్ద నోటిదాకా ఎత్తి, మళ్లీ కంచంలోనే పెట్టేసి లేచిపోయాడు.

మరుసటి సోమవారం ఆమె కొడుకును ఏమీ అడగలేదు. అతను పనికి పోయేంతవరకు ఆగి, ఉరుకుందమ్మను పిలుచుకుని బస్సెక్కింది. జిల్లా ఆఫీసు లోపలికి పోయి, ఈసారి కుర్చీ వేసినా కూర్చోలేదు.

"సారూ, నా మొగుని కాయితంలో కుక్క ఉండాది. అది అబద్ధం. అబద్ధమని తెలిసే ఏలు ఏసినా. దాన్ని కొట్టేయండి."

అధికారి కలం కింద పెట్టాడు.

"అమ్మా, తప్పు మాట చెప్పినందుకు కేసు నీ మీదికే రావచ్చు. తెలుసా?"

"రానీ నాయనా. ఆ రోడ్డు మీద నా మనవరాలు పోతాది."

"సరే. లారీ గుద్దడం నువ్వు కళ్లారా చూశావా?"

"సూడలే."

"చూసినవాళ్లు ఉన్నారా?"

ఓబులమ్మ తల వంచుకుంది. ఆ పేరు తన నోటితో చెప్పకూడదని ఇంటి దగ్గరే అనుకుని వచ్చింది. పని వాడిది, బతుకు వాడిది.

"నేను సూసినా సార్."

వాకిట్లో యేసుప్రసాదు నిలబడి ఉన్నాడు. పని బట్టలతోనే వచ్చాడు. కనురెప్పల దాకా తెల్లని పొడి.

"పని ఇడిసి ఎట్లొచ్చినావురా?"

"నువ్వు బస్సెక్కినావని ఇని, గేటు కాడ చెప్పేసి వచ్చినామ్మా. ఇంక పిలవరులే." అతను బల్ల దాకా వచ్చాడు. "లారీ సప్పుడు ఇని నాయన రోడ్డు దిగి మట్టిలోకి పోయినాడు సార్. లారీ గూడా దిగింది. నేను అరిస్తి. నాయన ఎనక్కి తిరిగి నన్ను సూసినాడు, లారీని కాదు. ఆడ కుక్క లేదు. నాయన, నేను, లారీ, అంతే."

ఓబులమ్మ ఆ మాట మొదటిసారి వింటోంది. ఇప్పుడు కూర్చుంది, కుర్చీలో కాదు, నేల మీదే.

అధికారి తనే కాగితం తీసుకుని అంతా రాశాడు.

"చట్టం చేసేది నేను కాదమ్మా. ఎన్నాళ్లు పడుతుందో కూడా చెప్పలేను. దీన్ని మాత్రం మీ అర్జీతో కలిపి పైకి పంపుతా. ఒకటి అబద్ధమని తేలితే తక్కిన పదీ మళ్లీ చూడాల్సిందే."

"పది కాదు, తొమ్మిదే" అని ఉరుకుందమ్మ ముందుకు తోసుకొచ్చింది. "నా కుక్కను గూడా ఇప్పుడే కొట్టేయప్పా. రామప్ప అని రాసుకో."

ఓబులమ్మ వేలిముద్ర వేసింది. దాని కింద యేసుప్రసాదు వంగి సంతకం చేస్తుంటే అతని జుట్టులోంచి, చేతుల మీంచి రాతిపొడి కాగితం మీద రాలింది. అధికారి తుడవబోయాడు.

"తుడవొద్దు నాయనా" అంది ఓబులమ్మ. "అట్లే పోనీ పైకి."